పళ్ళక్క తీసిన పురుగులు

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళక్క అనేవాళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర పదహారేళ్ళుగా పని చేస్తోంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మొదట్లో పిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. తర్వాత పెద్దవాళ్ళు మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు. చివరికి గ్యాసు బండ మోసుకొచ్చే మనిషి కూడా మెట్ల కింద నుంచి "పళ్ళక్కా!" అని కేకేసేవాడు. ఆమెకు కోపం రాలేదు. "పళ్ళికిలించే అక్క అనలేదు, అదే పదివేలు" అని నవ్వేసేది.

క్లినిక్ మొత్తం మూడు గదులు. ముందు గదిలో కుర్చీలు, పాత పత్రికలు, దవడ పట్టుకుని కూర్చున్న జనం. మధ్య గదిలో పైకీ కిందికీ కదిలే పెద్ద కుర్చీ. వెనక గదిలో పనిముట్లు శుభ్రం చేసే యంత్రం, కట్టుడుపళ్ళ అచ్చులు. ఆమె చేసే పనుల్లో ఒకటి ఫొటోలు తీయడం. వైద్యానికి ముందొకటి, తర్వాతొకటి. మనిషిని పడుకోబెట్టి, పెదాలను ప్లాస్టిక్ కొక్కేలతో రెండు వైపులకీ లాగి, నోట్లో చిన్న అద్దం పెట్టి, అందులో కనిపించే పళ్ళను తీయాలి. దానికోసమే డాక్టరమ్మ ఎప్పుడో ఒక కెమెరా, దానికి మాక్రో లెన్స్ కొంది. గోరంత వస్తువును అరచేయంత చేసి చూపించే లెన్స్ అది. లెన్స్ మూతి చుట్టూ గాజు తొడిగినట్టు ఒక గుండ్రటి ఫ్లాష్ ఉండేది. ఎన్ని వేల పళ్ళు తీసిందో ఆమెకే తెలియదు. లెన్స్ మీది అంకె ఎక్కడుండాలో, మూతి పంటికి ఎంత దూరంలో ఉండాలో చేతికి అలవాటైపోయింది. ఫొటోగ్రఫీ వచ్చా అని ఎవరైనా అడిగితే మాత్రం "రాదండీ, పళ్ళు తీయడం వచ్చు. అదీ ఫొటోలే, పీకేది డాక్టరమ్మ" అనేది.

ఆమెకు నలభయ్యారేళ్ళు నిండిన ఏడాది క్లినిక్‌కి కొత్త యంత్రం వచ్చింది. పెన్నులాంటిది నోట్లో తిప్పితే చాలు, పళ్ళన్నీ కంప్యూటరు తెర మీద బొమ్మకట్టేవి. కెమెరా అలమారాలోకి వెళ్ళింది. నెల తిరిగాక డాక్టరమ్మ దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కా, దీన్ని నువ్వు తీసుకెళ్ళు."

"నాకెందుకమ్మా? ఇంట్లో ఉన్నవి మూడు నోళ్ళు. ఎన్నిసార్లని తీస్తాను?"

"పళ్ళే తియ్యాలని ఎవరన్నారు? పువ్వులు తియ్యి, ముక్కుపుడక తియ్యి, నీ ఇష్టం. దీని మీద నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఎవరికో ఇవ్వడానికి నాకు మనసొప్పట్లేదు."

అలా ఆ కెమెరా ఆమె ఇంటికి చేరింది.

ఇల్లు మూడో అంతస్తులో. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో అందరినీ లిఫ్టులెక్కించే మనిషి, తన ఇంటికి మాత్రం మెట్లెక్కి రావాలి. ఆ మాట ఎవరైనా అంటే ముందు తనే నవ్వేవాడు. పైన డాబా మీద మామగారి మొక్కలు. పాత బకెట్లలో, రంగు డబ్బాల్లో, పగిలిన టబ్బుల్లో ఆయన చిక్కుడు తీగలు, వంగ, మిరప, రెండు గులాబీలు పెంచేవాడు. అత్తగారు పోయాక ఆయన కొడుకు దగ్గరికి వచ్చేశాడు. మితభాషి. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు మొక్కలతోనే.

ఆయన ముప్పై రెండేళ్ళు పురుగుమందుల కొట్టులో పని చేశాడు. రైతులు తెగులు పట్టిన ఆకు తెచ్చి చూపిస్తే, ఆకు చూసి సీసా చెప్పేవాడు. ఒక్కసారి కూడా గురి తప్పలేదని పేరు. డాబా మీద కూడా అదే పద్ధతి. ఎక్కడ ఏ పురుగు కనబడ్డా భుజానికి చిన్న స్ప్రేయరు తగిలించుకుని బయల్దేరేవాడు.

మొదటి ఆదివారం పొద్దున ఆమె కెమెరా పట్టుకుని డాబా ఎక్కింది. గులాబీ ముందు వంగి, పంటికి పెట్టినంత దూరంలోనే మూతి పెట్టి, నొక్కింది. అరవై ఫొటోలు తీస్తే యాభై తొమ్మిదిలోనూ ఎర్రటి మసక తప్ప ఏమీ లేదు. పన్ను కదలదు. పువ్వు కదులుతుంది. గాలి లేదనుకున్నప్పుడు కూడా కదులుతుంది. పైగా తను ఊపిరి తీస్తే తను కూడా కదులుతోంది. అంత దగ్గర్నుంచి చూస్తే వెంట్రుకవాసి ముందుకు జరిగినా ఒకటి పోయి ఇంకొకటి కనిపిస్తుంది.

"ఎన్నొచ్చాయి?" అని అడిగాడు భర్త, కిందికి రాగానే.

"ఒకటొచ్చింది. నా చెప్పు."

నవ్వాడు గానీ, మర్నాడు సాయంత్రం లిఫ్టు బాగుచేసే సామాన్లలోంచి ఒక ఇనుప బిగింపు తెచ్చి ఇచ్చాడు. ఒక కొస టబ్బుకు బిగించి, ఇంకో కొసతో కొమ్మను పట్టి ఉంచితే ఊగదు. ఆమె పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, బియ్యం పోసి, రెండు వైపులా కుట్టి దిండులా చేసుకుంది. బోర్లించిన బకెట్ మీద దిండు, దిండు మీద కెమెరా. చేతుల వణుకు సగం తగ్గింది.

మిగిలిన సగం తగ్గడానికి మూడు నెలలు పట్టింది. ఊపిరి బిగబట్టడం కాదు, సగం వదిలి ఆగాలని తనంతట తనే కనిపెట్టింది. పువ్వులు మానేసి పురుగులకు దిగాక, లెన్స్ తిప్పుతూ కూర్చోకుండా, ఒంటినే చీమంత ముందుకూ వెనక్కూ ఊపుతూ, పురుగు కన్ను తేటగా కనిపించిన క్షణాన నొక్కాలని తెలుసుకుంది. పురుగుకు కాళ్ళు మసకైనా ఫరవాలేదు, కన్ను మసకైతే ఆ ఫొటో దండగ. ఎండెక్కాక ఏ పురుగూ ఒక చోట నిలవదు. తెల్లవారుతుండగా అయితే చలికి ముడుచుకుని, ఒంటి మీద మంచు బొట్లతో, బుద్ధిగా కూర్చుంటుంది. క్లినిక్‌లో చక్కగా పని చేసిన గుండ్రటి ఫ్లాష్ ఇక్కడ మహా చెరుపు చేసింది. నున్నటి వీపున్న పురుగును తీస్తే దాని మీద తెల్లటి చక్రం పడేది. చాలా రోజులు కుస్తీ పట్టి, ఆఖరికి తెల్లటి పాలపాకెట్టు కడిగి, చీల్చి, ఫ్లాష్‌కి అడ్డంగా కట్టింది. వెలుగు మెత్తబడింది.

అప్పట్నుంచి ఆమె చూసినవి ఇంతా అంతా కాదు. ఈగ కళ్ళు జల్లెడ నేసినట్టు ఉన్నాయి. వంగాకు మీద నూగు నిజానికి నక్షత్రాల గుంపు. ఒక రోజు చిక్కుడు చిగురు మీద ముసురుకున్న పేనుబంకను తీస్తుంటే, అందులో ఒకదాని వెనక నుంచి ఆరు చిన్న కాళ్ళు బయటికొస్తూ కనిపించాయి.

"ఏమండీ! పేనుబంక కంటోంది! గుడ్డు కాదు, పిల్ల! త్వరగా రండి!"

భర్త కింద నుంచే అడిగాడు. "ఆడా, మగా?"

పేనుబంక అంటే మొక్క రసం పీల్చే ఆవగింజంత పురుగు. చిగురును నల్లగా కప్పేస్తుంది. ఆ గుంపు మధ్యలోనే ఆమెకు ఇంకొకటి కనబడింది. బూడిద రంగు నలుపు, పక్కన నారింజ మచ్చలు, ఒళ్ళంతా ముళ్ళు, ఆరు కాళ్ళ మొసలి పిల్లలా ఉంది. చూడగానే ఒళ్ళు జలదరించింది. ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది.

ఆ వారమే క్లినిక్‌కి ఒక బయాలజీ టీచరు వచ్చింది. పై దవడలో పన్ను పుచ్చి, నాలుగుసార్లు రావాల్సిన మనిషి. మత్తు ఎక్కేదాకా ఏం తోచక కూర్చుంటే, పళ్ళక్క తన ఫోన్లో పురుగుల ఫొటోలు చూపించింది. మొసలి పిల్ల దగ్గరికి రాగానే టీచరు నిటారుగా కూర్చుంది.

"ఇది ఎక్కడ దొరికింది మీకు?"

"మా డాబా మీదేనండీ. చిక్కుడు తింటోంది దరిద్రగొట్టుది."

"చిక్కుడు తినట్లేదు. చిక్కుడు తినేవాటిని తింటోంది. ఇది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రగా, నల్లచుక్కలతో ఉంటుంది చూడండి, అది. చిన్నప్పుడు ఇలా ఉంటుంది. రోజుకు పదుల కొద్దీ పేనుబంక మింగుతుంది."

ఆమెకు స్ప్రేయరు గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున్నే మామగారు స్ప్రేయరు కడిగి ఎండలో పెట్టడం చూసి వచ్చింది.

సాయంత్రం గబగబా మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళేసరికి ఆయన మందు కలుపుతున్నాడు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆమె మామగారికి ఎదురు చెప్పింది లేదు. ఆ అవసరమూ రాలేదు.

"మామయ్యా, ఒక్క వారం ఆగుతారా?"

"దేనికి?"

ఫొటో చూపించింది. టీచరు చెప్పినదంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి ఫోను వంక చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"అమ్మాయ్, నేను ముప్పై రెండేళ్ళు ఇదే పని చేశాను. పురుగంటే పురుగే. నీ ఫొటోల కోసం నా చిక్కుడు చావాలా?"

"మొత్తం వద్దు మామయ్యా. సగం. నీళ్ళ ట్యాంకుకి ఇవతల ఉన్న తీగలు నాకొదిలేయండి. అవతలివి మీ ఇష్టం."

ఆయన మందు డబ్బా మూత అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, "చస్తే నన్నడగొద్దు" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం ట్యాంకుకు అవతల మాత్రమే కొట్టాడు.

మొదటి వారం ఆమె పరువు పోయింది. అవతల తీగలు తళతళలాడుతున్నాయి. ఇవతల పేనుబంక రెట్టింపైంది. చిగుళ్ళు ముడుచుకుపోయాయి. ఒక తీగ పూర్తిగా వాడి చచ్చిపోయింది. ఆయన ఒక్క మాటా అనలేదు. చచ్చిన తీగ మాత్రం పీకకుండా అలాగే ఉంచాడు. రోజూ దాన్ని చూస్తూ ఫొటోలు తీయడం ఆమెకు ప్రాణసంకటమైంది.

రెండో వారంలో మొసలి పిల్లలు ఆకాకుకీ కనిపించసాగాయి. ఆదివారం పొద్దున ఆమె కెమెరాను బియ్యం దిండు మీద సర్ది, వెనక తెర వెలిగించి చూస్తోంది. మామగారు నీళ్ళ డబ్బాతో పక్క నుంచి వెళ్తూ ఆగాడు. వెలుగుతున్న తెర మీద పురుగు అరచేయంత ఉంది. ముందు కాళ్ళతో పేనుబంకను ఎత్తి పట్టుకుంది. దవడలు ఆడుతున్నాయి. పట్టుబడింది కాళ్ళు కొట్టుకుంటోంది. కాసేపటికి దాని తొక్క మాత్రం మిగిలింది. పురుగు తొక్క పారేసి, పక్కదాన్ని అందుకుంది.

ఆయన నీళ్ళ డబ్బా కింద పెట్టాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, టబ్బు అంచు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎన్ని తింది?" అన్నాడు చాలాసేపటికి.

"మీరొచ్చాక అయిదు."

"ఆరు. ఇందాక నువ్వు పాకెట్టు సర్దుతున్నప్పుడు ఒకటి తింది."

ఎండెక్కే దాకా ఆయన లేవలేదు. లేస్తూ అన్నాడు. "సీసాల మీద పురుగు బొమ్మలుండేవి అమ్మాయ్. వాటి మీద ఎర్రగా ఇంటూ మార్కు. ఆ బొమ్మే చూశాను. పురుగు మొహం ఎప్పుడూ చూళ్ళేదు."

ఆమె ఫ్లాష్ ఆపి లేచింది. "పదండి, టిఫిను చేద్దాం" అంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన చచ్చిన తీగను పీకేశాడు. ట్యాంకుకు అవతల మళ్ళీ పేనుబంక పట్టినప్పుడు స్ప్రేయరు తీయలేదు. ఇవతలి నుంచి మూడు పురుగులను ఆకుతో సహా తుంచి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, అటు మార్చాడు.

తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటలు పెరిగాయి. రోజుకు పది మాటల మనిషి, ఆమె క్లినిక్ నుంచి రాగానే డాబా కబుర్లు మొదలుపెట్టేవాడు. ఏ ఆకు కింద ఏముంది, ఏది చర్మం వదిలింది, ఏది కనిపించకుండా పోయింది. పాలపాకెట్టును ఫ్లాష్ నుంచి విప్పి, అడ్డంగా పట్టుకునే ఉద్యోగం కూడా ఆయనే తీసుకున్నాడు. "కొంచెం ఎడమకి మామయ్యా" అంటే ఎడమకి, "కిందికి" అంటే కిందికి. భర్త ఇదంతా చూసి ఆశ్చర్యపోయాడు. "నాతో పదేళ్ళలో ఇన్ని మాటలు మాట్లాడలేదు ఆయన. నేను కూడా ఆరు కాళ్ళతో పుట్టాల్సింది" అన్నాడు.

ఒక పురుగు తిండి మానేసి, చిక్కుడాకు నడిమి ఈనెకు అతుక్కుని, గూడులా గట్టిపడింది. అందులోంచి రెక్కల పురుగు వస్తుందని టీచరు చెప్పింది. వచ్చిన మొదటి గంటల్లో దానికి చుక్కలుండవనీ, ఒళ్ళంతా లేత పసుపు రంగులో ఉంటుందనీ, చూడటం అరుదనీ కూడా చెప్పింది. ఆ పసుపు పురుగును తీయాలని ఆమెకు పట్టుదల పుట్టింది. నాలుగు రోజులు చీకటితో లేచి కాపు కాసింది. ఏమీ జరగలేదు. అయిదో రోజు క్లినిక్‌కి వెళ్ళక తప్పదు. తీగను బిగింపుతో పట్టి, కెమెరాను దిండు మీద గూటికి గురి పెట్టి, పైన గొడుగు కట్టి, ఏది నొక్కాలో మామగారికి చూపించి వెళ్ళింది.

పదకొండు గంటలకు క్లినిక్‌లో ఫోను మోగింది. కుర్చీలో ఉన్నది టీచరే. నోరు తెరిచి ఉంది, డాక్టరమ్మ పంట్లో పని చేస్తోంది, ఆమె చేతిలో ఉమ్ము లాగే గొట్టం. ఆ ఫోను ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

"స్పీకరు పెట్టు అక్కా" అంది డాక్టరమ్మ.

"అమ్మాయ్!" మామగారి గొంతు గదంతా మోగింది. "గూడు పగిలింది! తల బయటికొచ్చింది!"

"నొక్కండి మామయ్యా!"

"నొక్కాను. అంతా మసక. ఎండకి ఆకు వాలిపోయింది. కన్ను కనబడట్లేదు."

"బిగింపు వదులు చేయకండి. దిండుతో సహా కెమెరాని వెనక్కి జరపండి. కొంచెం."

"జరిపాను. ఇంకా పోయింది."

"అయితే ముందుకి. చీమంత."

"నా చేతులు వణుకుతున్నాయమ్మా."

"ఊపిరి సగం వదిలి ఆగండి. పీల్చకండి."

అవతల నుంచి చడీచప్పుడూ లేదు. కుర్చీలో టీచరు కళ్ళు పెద్దవి చేసి, "ఆ... ఆ... ఊఁ..." అంటూ చేతి గడియారం వైపు వేలు చూపిస్తోంది.

"త్వరగా తీయమంటున్నారు, చుక్కలొచ్చేస్తాయట" అని అర్థం చెప్పింది డాక్టరమ్మ, చేతిలో డ్రిల్లు ఆపి.

"కనబడింది!" అన్న కేక వినిపించింది. తర్వాత టక టక టక మని కెమెరా చప్పుడు. ఎంతకీ ఆగలేదు. "పసుపు అమ్మాయ్! ఎంత పసుపో! వెనక నుంచి రెక్కలు వేలాడుతున్నాయి, తడి ఆరలేదు ఇంకా..." ఫోను పెట్టడం మర్చిపోయాడు. గాలి చప్పుడు, ఎక్కడో స్కూటరు చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. వైద్యం అయిపోయేదాకా ఎవరూ దాన్ని కట్ చేయలేదు.

ఆ రోజు ఆయన తీసినవి నూట డెబ్భై మూడు. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురూ ఒక్కొక్కటే చూశారు. ఆకు, ఆకు, మసక, ఆయన వేలు, మళ్ళీ మసక. నూట ఇరవై దాటాక ఒకటి తేటగా కనిపించింది. ఖాళీ గూడు మీద నిలబడిన లేత పసుపు పురుగు. వీపు మీద ఒక్క చుక్క లేదు. కన్ను నల్లగా మెరుస్తోంది. ఆమె తన ఫొటోలన్నిటినీ తలుచుకుంది. ఇంత మంచిది తను ఇంతవరకూ తీయలేదు. కాస్త అసూయ కూడా కలిగింది. ఆ మాట పైకే చెప్పింది. ఆయన తలొంచుకుని, చెవులు ఎర్రబడేలా నవ్వాడు.

డాక్టరమ్మ ఆ ఫొటోను పెద్దగా వేయించి ముందు గదిలో తగిలించింది. దాని పక్కన ఆమె తీసిన మొసలి పిల్ల, ఈగ కళ్ళు, వంగాకు నక్షత్రాలు. దవడ పట్టుకుని కూర్చున్నవాళ్ళు తలెత్తి అవి చూస్తూ, పిలుపు వచ్చినా వెంటనే లేవడం లేదు. టీచరు మామగారిని ఒకసారి బడికి తీసుకెళ్ళింది. "తాతా, అన్ని పురుగులూ మంచివేనా?" అని ఒక పాప అడిగితే, "అన్నీ కాదు. ముందు మొహం చూసి మాట్లాడాలి" అన్నాడట. సాలెపురుగుల సంగతి మాత్రం ఆయన ఇంకా తేల్చుకోలేదు. అవి అక్షింతల పురుగులను కూడా పట్టి తినేస్తాయని ఆయన కోపం. ఆమెకేమో సాలెపురుగు ఎనిమిది కళ్ళూ ఒకే ఫొటోలో తేటగా రావాలని కోరిక.

మొన్న ఆదివారం భర్త టీ కప్పులు పట్టుకుని డాబా ఎక్కేసరికి, ఆమె, మామగారు టబ్బుల మధ్య బోర్లా పడుకుని ఉన్నారు. "టీ" అన్నాడు. ఎవరూ పలకలేదు. "చల్లారిపోతుంది" అన్నాడు. ఆమె తల తిప్పకుండానే, కదలొద్దని చెయ్యి ఊపింది. భర్త మెట్ల మీద కూర్చుని, రెండు కప్పులూ తనే తాగేసి కిందికి దిగిపోయాడు.